కుడివైపు మెట్లు

నందిగామలో ఆడవాళ్ల జాకెట్లు కుట్టే షాపులో కూర్చోవలసిన రోజు వస్తుందని నేను అనుకోలేదు. మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు, షాపేమో మేడ మీద. ఆవిడ పోరు పడలేక చివరికి నేనే వెళ్లాను. కుట్టుమిషన్ల మధ్య ఒక ఎర్ర స్టూలు చూపించారు. వీపు నిటారుగా పెట్టి కూర్చున్నాను. మా తాతగారు కుర్చీలో కూడా వెనక్కి ఆనుకునేవారు కాదు. స్టూలైతే ఆ సమస్యే లేదు.

"హుక్కులు కుట్టడమే మిగిలింది బాబాయ్ గారూ. ఈలోపు ఇది చూస్తుండండి," అని షాపు అమ్మాయి ఒక ఫ్యాషన్ పత్రిక నా ముందుకు జరిపింది.

అందులో నేను చూసేదేముంటుంది? పక్కకు నెట్టబోయి, అట్ట చూసి ఆగిపోయాను.

అట్ట మీద ఒక అమ్మాయి నిలబడి ఉంది. చిలకపచ్చ పట్టుచీర, మోచేతుల దాకా జాకెట్టు, నవ్వు లేని మొహం. బుగ్గల మీద గులాబీరంగు, ఫోటో కడిగాక కుంచెతో అద్దినట్టుంది. పక్కన సన్నకాళ్ల బల్ల, దాని మీద తీగ లేని నల్ల టెలిఫోను. వెనక గుడ్డ మీద గీసిన ఒక పెద్ద ఇంటి హాలు. గుడ్డ పై అంచు, దాన్ని చుట్టిపెట్టే వెదురుకర్ర కూడా కనపడేలా వదిలేశారు. మా కాలంలో ఆ కర్ర కనపడితే ఫోటో చెడిపోయిందనేవాళ్లు. ఇప్పుడు అది కనపడడమే అందం కాబోలు.

"ఇప్పుడు ఇదే ట్రెండ్ బాబాయ్ గారూ, పాత స్టూడియో లుక్. కంప్యూటర్లో పసుపుపచ్చగా చేసి, గీతలు కూడా పెడుతున్నారు, పాతదానిలా కనపడాలని. పైట చూశారా, కుడి భుజం మీదకి వేసింది. గుజరాతీ కట్టు అనుకుంటా. మొన్నటి నుంచి ఇద్దరొచ్చి ఇలాగే కావాలంటున్నారు," అంది ఆ అమ్మాయి. "ఆ వెనక తెర మాత్రం నిజందేనంట. మన జగ్గయ్యపేటదంట. లోపల రాశారు."

లోపల చదవాల్సిన అవసరం నాకు లేదు. ఆ గుడ్డ మీద ఉన్నది మా ఇల్లు. నున్నటి స్తంభాలు, తలుపు మీద రంగుటద్దాల కమాను, మెట్ల మొదట్లో కర్రలో చెక్కిన సింహం తల. నేను పుట్టిన ఇల్లు.

కానీ మెట్లు ఎడమవైపు ఉన్నాయి. నన్ను కదిలించింది అదే. మా ఇంట్లో మెట్లు ఎడమవైపే ఉండేవి. తెర గీసిన మనిషి మాత్రం వాటిని కుడివైపు గీశాడు. తప్పు గీశాడు. ఆ తప్పు గురించి నేనూ ఆయనా ఒక జీవితకాలం పోట్లాడుకున్నాం. దిద్దుతానన్నాడు, దిద్దలేదు. ఆయన పోయి కొన్నేళ్లయింది.

అంటే పోయేముందు దిద్దాడన్నమాట. దిద్ది, నాకు ఒక్క మాటైనా చెప్పకుండా పోయాడు. జాకెట్లు అక్కడే వదిలేసి మెట్లు దిగాను.

*

ఆయన స్టూడియో జగ్గయ్యపేట బజారులో, మిరపకాయల కొట్ల వెనక సందులో ఉండేది. కొత్త మిరప దిగే రోజుల్లో ఆ సందులో నడిచినవాళ్లు తుమ్మకుండా బయటపడేవారు కాదు. ఫోటోకు కూర్చున్నవాళ్లు తుమ్ముతుంటే ఆయన కెమెరా మీద చెయ్యి వేసుకుని ఓపిగ్గా నిలబడేవాడు. ఆ రోజుల్లో మా ఊరివాళ్లు తీయించుకున్న ఫోటోలు ఏ ఇంట్లోనైనా చూడండి, పెళ్లికొడుకుతో సహా అందరి కళ్లూ తడిగా ఉంటాయి. "మీ స్టూడియోకి వస్తే అందరూ ఏడుస్తారేంటండీ" అని ఒకాయన వెటకారం చేస్తే, "అది కంట్లో మెరుపండి. బెజవాడలో దానికోసం వేరే లైటు పెట్టుకుంటారు" అన్నాడట.

పొట్టి మనిషి. అందరూ కండువా వేసుకునే భుజం మీద ఆయనకు ఒక నల్లగుడ్డ ఉండేది, కెమెరా వెనక తల దూర్చేటప్పుడు కప్పుకునేది. కూరగాయలకు వెళ్లినా, పెళ్లికి వెళ్లినా అదే. ఫోటోలకు రంగులద్దేటప్పుడు కుంచె మొన సన్నబడాలని పెదాల మధ్య పెట్టి తీసేవాడు. అందుకని ఆయన పెదవి మీద ఎప్పుడూ ఏదో ఒక రంగు ఉండేది. గులాబీ ఉంటే ఎవరింట్లోనో పెళ్లి, ఆకుపచ్చ ఉంటే ఎవరో చీర రంగు చెప్పి వెళ్లారు. మాట్లాడుతుంటే ఎదుటివాళ్లు ఆయన పెదవి వైపే చూసేవాళ్లు. ఆయనకు తెలుసు. తుడుచుకునేవాడు కాదు.

ఎవరినీ నవ్వమనేవాడు కాదు. సిద్ధంగా ఉండండి అనేవాడూ కాదు. నల్లగుడ్డలోంచి తల బయటికి తీసి ఒక ప్రశ్న అడిగేవాడు. అడిగి, జవాబు నోటిదాకా రాకముందే, నొక్కితే ఫోటో పడే రబ్బరు బుడ్డిని చేతిలో నొక్కేవాడు. మనిషి ఆలోచనలో పడిన ఆ క్షణంలోనే అసలు మొహం బయటపడుతుందని ఆయన నమ్మకం. ఎవరైనా పాపం జవాబు చెప్పబోతే, "అది మీరే ఉంచుకోండి. నాక్కావాల్సింది వచ్చేసింది" అనేవాడు.

చెవిటికల్లు నుంచి వచ్చిన కొత్త కోడలినొకదాన్ని "అమ్మాయ్, పొయ్యి ఆర్పి వచ్చావా?" అని అడిగాడట. ఆ పిల్ల కంగారు అలాగే ఫోటోలో పడిపోయింది. అత్తగారు ఫోటో పట్టుకుని గొడవకు వచ్చింది.

"మా కోడలు దొంగతనం చేసి దొరికిపోయినదానిలా ఉందేందయ్యా?"

"దొంగ కాదమ్మా. ఇల్లు పట్టించుకునే పిల్ల. నీ అదృష్టం, జాగ్రత్తగా చూసుకో."

ఆవిడ ఫోటోను ఇంకోసారి చూసుకుని, కొంగుతో తుడిచి తీసుకెళ్లిందట.

మా ఇంటివాళ్లు స్టూడియోకి వెళ్లే అలవాటు లేదు. ఆయనే కెమెరా మోయించుకుని మా ఇంటికి వచ్చేవాడు. నా చిన్నతనంలో, మా హాల్లో తాతగారినీ మా అందరినీ నిలబెట్టి ఒక ఫోటో తీశాడు. అప్పటికి ఆయన కుర్రవాడే. మా గడ్డాలు ముట్టుకుని సరిచేసేముందు, ప్రతి ఒక్కరినీ సెలవడిగాడు. అంతా అయ్యాక గుడ్డలోంచి తల తీసి తాతగారిని అడిగాడు:

"అయ్యగారూ, తమరు ఇంకొకరి మాట విని ఎన్నాళ్లయిందండీ?"

మా తాతగారిని ప్రశ్న అడిగినవాడు ఆ ఊళ్లో అంతకుముందు లేడు. కనుబొమ్మలు పైకి లేచాయి. తరువాత, ఆశ్చర్యంగా, నిజంగానే ఆలోచించారు. బుడ్డి నొక్కేశాడు. మా తాతగారు ఆలోచిస్తూ కనపడే ఫోటో మా దగ్గర అదొక్కటే.

*

తరువాత ఆ ఇల్లు మాది కాకుండా పోయింది. ఎలా పోయిందో చెప్పుకోవడం మా ఇంట్లో లేదు. కొన్నవాళ్లు పడగొట్టి దుకాణాలు కట్టారు. నాన్నగారు అది చూడకుండానే కన్నుమూశారు. నేనూ అమ్మా ఒక అద్దె వాటాలోకి మారాం.

అప్పుడు నాది కాలేజీ వయసు. ఇల్లు మారిన రోజు నుంచి నా నోట మాట రావడం తగ్గిపోయింది. వ్రతమేమీ కాదు. కావలసిన ముక్క తప్ప లోపలినుంచి వచ్చేది కాదు, అంతే. కాలేజీ మానేశాను. పగలు మంచం మీద పడుకుని పైకప్పు చూసేవాణ్ని. అమ్మ అన్నం పెట్టి ఎదురుగా కూర్చునేది. నేను తిని లేచేవాణ్ని, తినకుండా కూడా లేచేవాణ్ని. నేను గదిలోకి వెళ్లాక గిన్నెలు సర్దే చప్పుడులో ఆవిడ భయం వినపడేది.

సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగాలకు దరఖాస్తులు పిలిచారని ఎవరో చెబితే, దానికి ఫోటో కావాలని అమ్మే నన్ను తోసి పంపింది. మా ఇంటివాళ్లలో స్టూడియో గడప తొక్కినవాణ్ని నేనే మొదటివాణ్ని. ఆయన నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "అబ్బాయిగారూ, కబురు పెడితే నేనే వచ్చేవాణ్ని కదండీ" అన్నాడు. ఏ ఇంటికి వచ్చేవాడో నేను అడగలేదు. గుమ్మం పక్కన నిలబడి లోపలికి చూశాను. ఎదురుగోడకు కొత్త తెర వేలాడుతోంది.

"ఇదెవరిల్లు?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"మీదేనండి," అన్నాడాయన, కాస్త బెదురుతూనే. "పాత తెర చిరిగిపోయిందండి. తాతగారి ఫోటో తీసిన అద్దం పలక, అదే నెగెటివు, నా దగ్గరుంది కదా. దాన్ని దీపం ముందు పెట్టి, గుడ్డ మీద బొమ్మ పడేలా చేసి, దాని వెంబడే బొగ్గుతో గీసుకున్నా. మనుషుల్ని వదిలేసి ఇల్లొక్కటే గీశానండి. ఈ చుట్టుపక్కల అంత మంచి హాలు ఇంకెవరికుందండీ?"

"ఎవర్నడిగి గీశావు?"

"అడుగుదామనే..." అని ఆగాడు.

"గీస్తే గీశావు. మెట్లు అటెందుకున్నాయి?"

ఆయన తెర వైపు తిరిగాడు. చాలాసేపు చూశాడు. తరువాత చేతిలో పలక ఉన్నట్టుగా గాలిలో చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"పలక తిరగబడిందండి," అన్నాడు మెల్లిగా. "అద్దం కదా, ఎటు పెట్టినా బొమ్మ పడుతుంది. తాతగారిని గీసుంటే, చేతికర్ర ఏ చేతిలో ఉందో చూసి అక్కడే పట్టుకునేవాణ్ని. మనుషుల్ని వదిలేశా కదండీ. తెలియలేదు."

"మా ఇంట్లో పైకెక్కాలంటే ఎడమకు తిరగాలి. ఇలాంటి ఇంట్లో మేం ఏనాడూ ఉండలేదు."

"నా తప్పేనండి. దిద్దేస్తాను."

"దిద్దేదాకా దీని ముందు నేను నిలబడను."

పక్కనున్న తెల్లగోడ ముందు కూర్చున్నాను. ఆయన కెమెరా తిప్పుకున్నాడు. నన్ను ఏ ప్రశ్నా అడగలేదు. అడిగే ధైర్యం లేకపోయిందనుకున్నాను.

ఇంటికి వచ్చి భోజనానికి కూర్చుని మొదలుపెట్టాను. ఎంత పొగరు వాడికి, ఎంత అజాగ్రత్త, పలక ఏ వైపో చూసుకోనివాడు ఫోటోగ్రాఫరా, కమాను సరిగ్గానే వేశాడు, స్తంభాలు సరిగ్గానే వేశాడు, మెట్లకొచ్చేసరికి కళ్లు ఏమయ్యాయి, అని. పప్పు అయిపోయింది, పులుసు అయిపోయింది, నేను ఆగలేదు.

"సింహం తల పెట్టాడా?" అంది అమ్మ, మజ్జిగ పోస్తూ.

"పెట్టాడు. అదీ అటువైపే."

"రంగుటద్దాలో?"

"ఉన్నాయి. ఎరుపు పక్కన నీలం వేశాడు, నీలం పక్కన ఎరుపు ఉండాలి."

"ఇంకాస్త అన్నం పెట్టనా?"

పెట్టించుకున్నాను.

తరువాత కొద్దిరోజులకు అమ్మ, "నాకో ఫోటో తీయించరా" అంది. ఆవిడ అంతకుముందు తనకంటూ ఒక ఫోటో అడిగిన మనిషి కాదు. ఇంకా దిద్దలేదేమో అన్నాను. దిద్దకపోతే ఏం అంది. వంగపండురంగు చీర కట్టుకుని, తల నిండా కొంగు కప్పుకుని నాతో వచ్చింది.

తెర ముందు అమ్మ నిలబడిపోయింది. చెయ్యి చాచి, గుడ్డకు తగలకుండా, మెట్ల వెంబడే వేలు పైదాకా కదిలించింది.

"ఈ మెట్టు పగిలి ఉండేది నాయనా. పగులు వేయలేదే?"

"పలకలో పడలేదమ్మగారూ."

"పోనీలే. మేం బాగుచేయించలేకపోయాం, నువ్వు బాగుచేశావు."

ఆయన అమ్మను స్టూలు మీద కూర్చోబెట్టాడు. గుడ్డలో తల దూర్చాడు, మళ్లీ బయటికి తీశాడు.

"అమ్మగారూ, ఆ మెట్ల కింద కొట్టు తాళంచెవి ఎక్కడ పెట్టేవారండీ?"

అమ్మ చెయ్యి తనకు తెలియకుండానే నడుము దగ్గరికి వెళ్లింది. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ తాళాలగుత్తి అక్కడే ఉండేది. బుడ్డి నొక్కిన చప్పుడైంది. ఆ ఫోటో ఇప్పుడు మా గోడ మీద ఉంది. చూసినవాళ్లు, "మీ అమ్మగారు ఏ జమీందారిణో అనుకున్నామండీ" అంటారు. ఒక ఇంటికి పెత్తనం చేసిన మనిషి మొహం అది. అది తీసిన రోజుకు మాకు సొంత గుమ్మం కూడా లేదు.

ఫోటో అయ్యాక అమ్మ, "నువ్వెళ్లి రిక్షా పిలువు" అంది. పిలిచి వచ్చేసరికి ఆయన చేతులు కట్టుకుని తల వంచి నిలబడి ఉన్నాడు. "అలాగేనమ్మగారూ. మాటిస్తున్నా," అంటున్నాడు.

"దేనికి?" అన్నాను.

ఆయన నా వైపు చూసి, ఒక్క క్షణం తడుముకుని, "ఫోటోకు రంగు వేయొద్దన్నారండి" అన్నాడు.

నిజంగానే వేయలేదు. ఆయన చేతిలోంచి రంగు లేకుండా బయటికి వచ్చిన ఆడవాళ్ల ఫోటో అదొక్కటేనేమో. చాలా ఏళ్ల తరువాత అమ్మ ఒకసారి దాన్ని చూస్తూ, "రంగు వేసుంటే బాగుండేది. ఆ చీర వంగపండురంగని ఎవరికీ తెలియకుండా పోయింది" అంది. "నువ్వే కదా వద్దన్నావు" అన్నాను. అమ్మ నా మొహంలోకి చూసి, "అవునులే" అంది.

*

ఉద్యోగం వచ్చింది. ఏదో ఒక పనిమీద స్టూడియోకి వెళ్తూనే ఉన్నాను. వెళ్లినప్పుడల్లా మెట్లు కుడివైపే ఉండేవి. వెళ్లినప్పుడల్లా అడిగేవాణ్ని.

"రంగులు దొరకట్లేదండి అబ్బాయిగారూ."

"ముసురు పట్టింది కదండీ, తెర ఆరదు."

"పెళ్లిళ్ల సీజనండి. తెర దించితే జనం తిరిగెళ్లిపోతారు."

ఒక ఏడాది ఆయన భుజం నొప్పి. ఇంకో ఏడాది ఆషాఢం. నాకు జుట్టు తెల్లబడ్డాక కూడా అబ్బాయిగారూ అనే పిలిచేవాడు. నేను మాత్రం నువ్వులోంచి మీరులోకి ఎప్పుడో మారాను. కోపం మారలేదు. సందులో మిరపకాయల కొట్లవాళ్లు నన్ను దూరంగా చూసి, "అదుగో, మెట్లాయన వస్తున్నాడు" అనుకునేవాళ్లు. వాళ్లకు నేనొక కాలక్షేపం.

పెళ్లి ఫోటో కూడా తెల్లగోడ ముందే దిగాను. మా ఆవిడకు ఆ తెర ముందు, స్టూడియోలో ఉండే ఉత్తుత్తి టెలిఫోను చేతిలో పట్టుకుని దిగాలని కోరిక. "తప్పు ఇంటి ముందు నా భార్య నిలబడదు" అన్నాను. ఆ మాట ఆవిడ ఇప్పటికీ అప్పజెబుతుంది. "నా పెళ్లి ఫోటో రేషన్ కార్డు ఫోటోలా ఉంది," అంటుంది వచ్చినవాళ్లందరితో.

అమ్మ పోయినప్పుడు ఆ పాత ఫోటోనే పెద్దది చేయించడానికి వెళ్లాను. ఆ రోజుల్లో మళ్లీ నాకు మాట రావడం లేదు. తిండి సయించడం లేదు. మా ఆవిడ అచ్చంగా అమ్మలాగే ఎదురుగా కూర్చుని చూస్తుండేది. ఫోటో ఆయన చేతికిచ్చి, ఎంత పెద్దది కావాలో వేళ్లతో చూపించి, వెనక్కి తిరిగాను.

"అబ్బాయిగారూ," అని పిలిచాడు వెనకనుంచి. "మెట్ల సంగతి అడగలేదు."

నేను ఆగాను.

"ఇంకా దిద్దలేదండి," అన్నాడు.

"ఇవాళ కూడా మెట్లేనా? అసలు మీకు సిగ్గుందా?" అని మొదలుపెట్టాను. ఆ సందులో నిలబడి, మిరపకాయల కొట్లవాళ్లు తరాజులు వదిలేసి వచ్చి చూసేదాకా, ఆయన్ని దులిపేశాను. తాతగారి దగ్గర్నుంచి ఎత్తుకుని చెప్పాను. మా అమ్మ వేలు ఆ మెట్ల వెంబడి ఎలా కదిలిందో చెప్పాను. ఆయన భుజం మీది నల్లగుడ్డ సర్దుకుంటూ, తల వంచుకుని, అంతా విన్నాడు. పెదవి మీద పసుపురంగు ఉంది.

ఇంటికి వచ్చేసరికి ఆకలి వేసింది. మా ఆవిడను అడిగి అన్నం పెట్టించుకున్నాను.

*

ఇవన్నీ నందిగామ నుంచి జగ్గయ్యపేట వెళ్లే బస్సులో కూర్చుని తలుచుకున్నాను. మేం నందిగామకు మారిపోయాం కనుక ఆయన పోయిన కబురు నాకు ఆలస్యంగా తెలిసింది. ఆ తరువాత ఆ సందు వైపు వెళ్లలేదు. పోట్లాడడానికి మనిషి లేని చోటికి వెళ్లి ఏం చేయను?

స్టూడియో ముందు ఇప్పుడు ఫ్లెక్సీ బోర్డులు, కంప్యూటరు. ఆయన కూతురు నడుపుతోంది. కోదాడలో ఇచ్చారు, తండ్రికి పెద్దతనం వచ్చాక భర్తతో సహా వచ్చి ఇక్కడే ఉండిపోయిందని విన్నాను. నేను ఆవిణ్ని చూడడం అదే మొదలు.

"మీ నాన్నగారు గీసిన తెర చూడాలమ్మా," అన్నాను.

ఆవిడ నా తెల్లజుట్టు చూసింది, నిలబడిన తీరు చూసింది. "అబ్బాయిగారంటే మీరేనా?" అని నవ్వింది. "చిన్నప్పట్నుంచి వింటున్నా, అబ్బాయిగారొచ్చారు, అబ్బాయిగారు తిట్టి వెళ్లారు అని. ఎవరో కుర్రాడనుకునేదాన్నండీ."

వెదురుకర్ర తాడు వదిలింది. తెర కిందికి జారింది.

మెట్లు కుడివైపే ఉన్నాయి.

నేను పత్రిక సంగతి చెప్పాను. ఆవిడ ఫోను తీసి ఒక ఫోటో చూపించింది. అదే అమ్మాయి, అదే చీర, పైట మాత్రం అందరిలాగే ఎడమ భుజం మీద. "ఇది అసలుదండి. తెరతో పాటు నేనూ హైదరాబాద్ వెళ్లా, దగ్గరుండి చూసుకున్నా. అట్ట మీద ఏదో రాయడానికి ఒకవైపు చోటు చాలలేదంట. బొమ్మ తిప్పేశారు. పైట కుడివైపు పడిందేంటండీ అని ఫోన్ చేసి అడిగా. ఎవరూ పట్టించుకోరులే మేడమ్ అన్నారు."

అట్ట మీద మా ఇల్లు తిన్నగా నిలబడడం వెనక ఉన్నది అంతే. ఆ పత్రికవాళ్లకు అది మా ఇల్లని గానీ, ఇన్నేళ్లకు సరిచేశామని గానీ తెలియదు.

"అంటే దిద్దలేదు," అన్నాను. "దిద్దుతా దిద్దుతా అంటూనే వెళ్లిపోయాడు. మాట మీద నిలబడడం ఆయనకు రాదు."

ఆవిడ మొహంలో నవ్వు పోయింది. "ఆ మాటనకండి. నాన్న మాట తప్పే మనిషి కాదు. మీకిచ్చిన మాట కాదులెండి అది."

"మరి?"

"మీ అమ్మగారికిచ్చింది."

కుర్చీ జరిపింది. నేను కూర్చోలేదు.

"మీ అమ్మగారు ఫోటోకొచ్చిన రోజు, మిమ్మల్ని బయటికి పంపి నాన్నతో చెప్పారంట. ఇల్లు పోయినకాడ్నించి మా వాడు నోరు విప్పట్లేదు నాయనా, వాడేమైపోతాడోనని నాకు భయంగా ఉంది, నీ తెర చూసొచ్చిన రోజే మనిషిలా మాట్లాడాడు, రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. ఆ మెట్లు దిద్దొద్దు. వాడికి నీతో ఆ తగాదా ఉండనీ. వాడు తిడితే పడు. నాకోసం పడు, అన్నారంట."

మిరపఘాటు ఇంకా ఆ సందులోకి వస్తూనే ఉంది.

"నాన్న బ్రష్షులు అప్పటికే తడిపి పెట్టుకున్నాడంటండీ, ఆ మర్నాడే మొదలుపెడదామని. నాకు చివర్లో చెప్పాడు. మేమంతా అడిగేవాళ్లం, ఒక్కరోజు పని కదా, దిద్దేస్తే పోలా, ఆయన చేత ఎందుకు మాట పడతావని. ఆయనొచ్చి తిట్టి వెళ్తే నాకు నిశ్చింత అనేవాడు. ఎప్పుడైనా మీరు అడక్కపోతే ఇంటికొచ్చి దిగులుపడేవాడు."

"మరి ఇప్పుడు నాకు చెప్పొచ్చా ఈ సంగతి?"

"తన కాలంలో చెప్పనన్నాడు, చెప్పలేదు. నేను పోయాక తెర కోసం వస్తే చెప్పు, ఇంక తగాదాకి మనిషి లేడు కదా, అన్నాడు."

అప్పుడు కూర్చున్నాను. ఆషాఢం, ముసురు, భుజం నొప్పి, దొరకని రంగులు, అన్నీ ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి. ఎన్ని అబద్ధాలు వెతుక్కుని ఉంటాడు ఆ మనిషి. అమ్మ ఫోటోకు రంగు లేకపోవడం కూడా. నా ముందు తడుముకుని అన్న ఒక్క మాట నిలబెట్టడానికి, అంత ఇష్టంగా రంగులద్దే చెయ్యి వంగపండురంగు చీరను నల్లగానే వదిలేసింది. తను పనిరానివాడని బజారు బజారంతా వినేలా నా చేత అనిపించుకుంటూ, నన్ను తిరిగి అన్నం దగ్గరికి పంపాడు.

మా ఇంట్లో ఒకరికి రుణపడ్డామని ఒప్పుకునే అలవాటు లేదు. నేను ఒప్పుకుంటున్నాను. మెట్లు తప్పే, ఆ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను. కానీ ఆ తప్పు ఆసరాగానే నేను ఇంతకాలం నిలబడ్డాను.

"ఇప్పుడు దిద్దించమంటారా? మంచి పెయింటర్ ఉన్నాడు మా దగ్గర," అంది ఆవిడ.

"వద్దమ్మా." లేచాను. చొక్కా సర్దుకున్నాను. "నాకొక ఫోటో తియ్యి. దీని ముందే."

ఆవిడ కెమెరా తెచ్చుకుంది. ఇప్పటి కెమెరాకు నల్లగుడ్డ అక్కర్లేదు. నా గడ్డం ముట్టుకునే ముందు, "కొంచెం దించమంటారా అబ్బాయిగారూ?" అని సెలవడిగింది. వెనక్కి వెళ్లి నిలబడింది. నవ్వమనలేదు. కెమెరా పక్కనుంచి తల బయటికి పెట్టి అడిగింది:

"మీ ఇంట్లో మెట్లు ఎటువైపుండేవండీ?"

ఆ ఫోటో అమ్మ ఫోటో పక్కన తగిలించాను. మా ఆవిడ దాన్ని అటునుంచీ ఇటునుంచీ చూసింది. "జాకెట్లకని వెళ్లి ఇది తెచ్చారా? అటెటో చూస్తున్నారేంటి? అటువైపు గుడ్డ మీద ఏమీ లేదుగా. ఆ నోరేంటి, సగం తెరుచుకుని?"

నిజమే. నా వెనక మెట్లు కుడివైపున్నాయి. నేను ఎడమవైపు చూస్తున్నాను. నోరు సగం తెరుచుకుని ఉంది, ఏదో చెప్పబోతున్నాను.